పిచ్చుక పెట్టె పాఠాలు – 4: మూత తీయకుండా 15 రోజులు

పోయిన పాఠం చివర మీకొక పని అప్పగించాను. ఆడపిచ్చుక పెట్టెలోకి ఎప్పుడు వెళ్తోందో, ఎంతసేపటికి బయటికి వస్తోందో వారం పాటు రాసుకోమన్నాను. రాసినవాళ్ళ నోటుబుక్కులో ఈపాటికి ఒక తీరు తేలి ఉంటుంది. లోపల కాసేపు, బయట కాసేపు, మళ్ళీ లోపల. అంటే పొదుగుతోంది. మగది కూడా మధ్యమధ్యలో వెళ్ళి కూర్చుంటుంది గాని, ఆడదానికి పొట్ట మీద ఈకలు రాలి బయటపడే వెచ్చని చర్మం మగదానికి ఉండదు. గుడ్లకు అసలైన వేడి తల్లి పొట్టదే. ఇది 11 నుంచి 14 రోజుల పని.

గుడ్డు పగిలిన రోజు నుంచి పెట్టె ఖాళీ అయ్యే రోజు దాకా ఈ పాఠం. రమారమి 15 రోజులు. మీరు నేర్చుకోవలసిన విద్య ఒక్కటే: పెట్టె మూత తీయకుండా, దూరంగా కూర్చుని, లోపలున్న పిల్లల వయసు చెప్పగలగడం. చూడకుండా ఎలా చెప్తామని మీకు అనిపించవచ్చు. పిచ్చుకల జంట ముక్కున ఏం పట్టుకుని లోపలికి పోతోందో, ఏం పట్టుకుని బయటికి వస్తోందో, లోపలి నుంచి ఏ చప్పుడు వినిపిస్తోందో, ఈ మూడూ రాసుకుంటే చాలు. పెట్టె తనంతట తానే చెప్తుంది.

ముందు కుర్చీ సంగతి. పెట్టెకు అయిదారు మీటర్ల దూరంలో, రంధ్రం పక్కవాటుగా కనిపించే చోట వేసుకోండి. రంధ్రానికి ఎదురుగా కూర్చుంటే పిచ్చుక మేత పట్టుకుని తీగ మీదే ఆగిపోతుంది, మిమ్మల్ని చూస్తూ చిర్ చిర్‌మని మందలిస్తుంది, లోపల పిల్లలు ఆకలితో ఉంటాయి. రోజూ అదే చోటు, అదే అరగంట. నేను ఉదయం ఏడు నుంచి ఏడున్నర దాకా కూర్చుంటాను. మా పాలకొల్లు ఎండకు తొమ్మిది దాటితే పక్షులకూ ఓపిక తగ్గుతుంది. పేజీని రెండు నిలువు గడులు చేసి ఒకదాని మీద ‘మ’, ఇంకోదాని మీద ‘ఆ’ అని రాసుకోండి. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగది. ఏది మేతతో లోపలికి వెళ్తే దాని గడిలో ఒక గీత. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా ఈ దూరానికి కళ్ళు చాలు.

సున్నా రోజు

మొదటి పిల్ల బయటపడిన రోజును ఒకటి అనకండి, సున్నా అనండి. పక్షుల గూళ్ళను లెక్కగట్టే చాలామంది పాటించే పద్ధతి ఇది. తర్వాతి రోజుకు ఒక రోజు వయసు. లెక్క తప్పదు.

ఆ రోజును పట్టుకోవడానికి రెండు గుర్తులున్నాయి. ఒకటి, పెట్టె కిందో కాస్త దూరంలోనో పడి ఉండే సగం గుడ్డుచిప్ప. తెల్లగా, బూడిదరంగు చుక్కలతో, చిటికెన వేలి గోరుకు కాస్త పెద్దదిగా ఉంటుంది. పిచ్చుకలు చిప్పల్ని ముక్కున కరుచుకుపోయి దూరంగా పడేస్తాయి, కొన్నిసార్లు తినేస్తాయి, కాబట్టి చిప్ప దొరకలేదని దిగులు వద్దు. రెండో గుర్తు ఇంకా నమ్మకమైనది. నిన్నటిదాకా ఉత్త ముక్కుతో లోపలికి పోయిన పిచ్చుక ఈ రోజు ముక్కు చివర ఏదో పచ్చగా, మెత్తగా పట్టుకుని పోతుంది. అది చూసిన నిమిషం తేదీ రాయండి.

పిచ్చుక రోజుకొక గుడ్డు పెడుతుంది, అయితే చివరి గుడ్డు పడకముందే పొదగడం మొదలుపెడుతుంది. అందుకే పిల్లలన్నీ ఒక్కరోజున రావు. ఆఖరి గుడ్డులోంచి వచ్చినది అన్నలకన్నా ఒక రోజు వెనకబడి ఉంటుంది. పురుగులు పుష్కలంగా ఉన్న ఏడాది అదీ బతుకుతుంది. కరువైతే ముందుగా పోయేది అదే. ఒక పొద్దున పెట్టె కింద ఈకల్లేని చిన్న పిల్ల చనిపోయి కనిపించవచ్చు. మీ పెట్టెలో లోపమేదో ఉందని కుంగిపోకండి. నేను మొదటిసారి చూసినప్పుడు రెండు రోజులు కుర్చీ వేసుకోలేకపోయాను. ఆ రెండు రోజుల పేజీలు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి, వాటిని చూస్తే బాధ కలుగుతుంది. మిగిలిన మూడూ ఆ రెండు రోజుల్లో ఎలా పెరిగాయో నాకు తెలియకుండా పోయింది.

మొదటి నాలుగు రోజులు

లోపలున్నవి గులాబీరంగు మాంసపు ముద్దలు. పిచ్చుకపిల్ల పుట్టేటప్పుడు దాని ఒంటి మీద నూగు కూడా ఉండదు. కళ్ళు మూసుకుని ఉంటాయి. బరువు రెండు మూడు గ్రాములు. తమ ఒంటిని తాము వెచ్చగా ఉంచుకోలేవు, అందుకే ఆడది మేత ఇచ్చాక కూడా లోపలే ఉండి వాటిని కప్పుకుని కూర్చుంటుంది. మీ గడిలో గీతలు తక్కువగా పడతాయి. చప్పుడేమీ వినిపించదు. పెట్టెలో ఏమీ లేదేమోనని అనుమానం వచ్చేది, చేయి దురద పెట్టేది ఈ రోజుల్లోనే. ఆగండి.

ముక్కుల మీద దృష్టి పెట్టండి. పెద్దయ్యాక గింజలు తినే ఈ పక్షి పసిపిల్లలకు దాదాపు పురుగులే పెడుతుంది: పేనుబంక, చిన్న సాలీళ్ళు, మెత్తటి పచ్చపురుగులు. కండ పెరగడానికి కావలసిన మాంసకృత్తులు వడ్ల గింజలో అంతగా ఉండవు. పెరట్లో చిక్కుడు పాదు ఉన్నవాళ్ళు గమనించండి. కొసలకు పట్టిన నల్ల పేనుబంక దగ్గరికి పిచ్చుక పదేపదే వస్తుంది. ఈ 15 రోజులూ ఆ పాదు మీద పురుగుమందు కొట్టకండి. కాయ కొంచెం తగ్గితే తగ్గనివ్వండి. చూరుకు వరికుచ్చులు కట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మంచి అలవాటు, పెద్ద పిచ్చుకలకు అది బాగానే ఉపయోగపడుతుంది. పిల్లల్ని బతికించేది మాత్రం పురుగు పట్టిన పాదు. పెట్టె కట్టి, పక్కనే మందు కొట్టడం కన్నా అసలు పెట్టె కట్టకపోవడం నయమని నా గట్టి అభిప్రాయం.

అయిదో రోజు నుంచి

నాలుగైదు రోజుల వయసులో కళ్ళు తెరుచుకోవడం మొదలవుతుంది. రెక్కల అంచున చర్మం కింద నల్లటి గీతల్లా కనిపించేవి ముళ్ళలాగా పొడుచుకొస్తాయి. ఒక్కో ముల్లూ ఒక ఈకను చుట్టుకున్న గొట్టం. ఎనిమిది తొమ్మిది రోజులకు ఆ గొట్టాలు చిట్లి ఈక కుంచెలా విచ్చుకుంటుంది. ఇదంతా చీకట్లో జరుగుతుంది, మీకు కనిపించదు. బయటి నుంచి తెలిసేవి మాత్రం బోలెడు.

చెవి పెట్టండి. అయిదారు రోజులకు, పెద్ద పిచ్చుక లోపలికి దూరగానే సన్నటి ‘సీ సీ’ వినిపించి ఆగిపోతుంది. తొమ్మిదో రోజుకు అది గోలగా మారుతుంది. పిచ్చుక ఇంకా తీగ మీద ఉండగానే, దాని గొంతు విని మొదలుపెడతాయి. గీతలు కూడా పెరుగుతాయి. కిందటి శ్రావణంలో నా అరగంట లెక్క రెండో రోజున 4, ఆరో రోజున 9, పదో రోజున 13. మీ పెట్టెలో పిల్లల సంఖ్యను బట్టి, వానను బట్టి మారుతుంది. చూడవలసింది అంకెను కాదు, అది ఎక్కుతోందా లేదా అన్నది. వరసగా రెండు రోజులు ‘మ’ గడి ఖాళీగా ఉంటే మగదానికి ఏదో అయిందని అర్థం. ఆడది ఒంటరిగా పెంచగలదు, కాని దాని గీతలు రెట్టింపు కావాల్సి వస్తుంది.

ఇక బయటికి వచ్చేటప్పుడు ముక్కున ఉండేది. పిల్లల రెట్ట పలచని తెల్లటి సంచిలో చుట్టి వస్తుంది. మొదటి రోజుల్లో పెద్దవి దాన్ని మింగేస్తాయి. తర్వాత ముక్కున పట్టుకుని ఎగిరిపోయి దూరంగా వదులుతాయి. దీన్ని నేను రెట్టమూట అని రాసుకుంటాను. బయటికి వచ్చే రెట్టమూటలు కనిపించడం మొదలైందంటే పిల్లలు పసితనం దాటాయి. ఆడది లోపల కూర్చునే సమయం కూడా ఈ రోజుల్లోనే తగ్గుతుంది. తొమ్మిది పది రోజులకు పిల్లలు తమ ఒంటివేడిని తామే నిలుపుకోగలవు, ఇక తల్లి మేత పెట్టి వెంటనే తిరిగొస్తుంది.

మీ పరీక్ష ఇదే. పక్కింట్లోనో చుట్టాలింట్లోనో గూడు ఉంటే తేదీ అడక్కుండా అరగంట కూర్చోండి. లోపలి గోల, పురుగు సైజు, తల్లి లోపల ఆగే సమయం, రెట్టమూట చూసి వయసు చెప్పండి. ఆ తర్వాత వాళ్ళను అడగండి. ఒకటి రెండు రోజుల తేడాలో చెప్పగలిగితే మీకు విద్య వచ్చినట్టే.

పన్నెండో రోజు తర్వాత

ఇక్కడ నా తప్పు చెప్పాలి. మొదటి ఏడాది పదమూడో రోజున, ఫొటో తీసుకుందామని మూత ఎత్తాను. ఒక్క క్షణం నాలుగు ముఖాలు నన్ను చూశాయి. మరుక్షణం నాలుగూ నాలుగు దిక్కులకు దూకాయి. ఈకలున్నాయి గాని ఎగరలేవు. గోడవార, కుండీల వెనక, తులసికోట పక్కన వెతికి రెండింటిని పట్టి పెట్టెలో వేశాను, వేసినవి వేసినట్టే మళ్ళీ దూకాయి. సాయంత్రానికి పిల్లి ఒకదాన్ని పట్టుకుపోయింది. ఇంకోటి దొరకనే లేదు. ఆ ఫొటో రానూ లేదు.

అది వాటికి పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఈకలు వచ్చాక గూటి మీద దాడి జరిగితే లోపల కూర్చోవడం కన్నా దూకడమే మేలని వాటి ఒంటికి తెలుసు. ఒకసారి దూకాక గూడు వాటికి గూడు కాదు. ఎంత నమ్మకంగా రోజులు లెక్కగట్టినా పన్నెండో రోజు దాటాక మూత ముట్టుకోవద్దని నేను చెప్పేది అందుకే. అసలు ఏ రోజూ ముట్టుకోకపోతే ఇంకా మంచిది. లోపల చూడాలని ఉన్నవాళ్ళు పిచ్చుకలు గడ్డి మోయడానికి ముందే చిన్న కెమెరా బిగించుకోవాలి, గుడ్లు పడ్డాక కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్ళను కదిలించడం కూడా ఉంది.

పన్నెండో రోజు నుంచి చూడవలసింది రంధ్రంలో. అక్కడ ఒక ముఖం ప్రత్యక్షమవుతుంది, నోటి మూలలు పసుపుపచ్చగా. పెద్ద పిచ్చుక ఇక లోపలికి పోదు. రంధ్రం అంచున వాలి బయటి నుంచే నోట్లో పెట్టి పోతుంది. ఒకటి తప్పుకోగానే ఇంకోటి ముఖం పెడుతుంది. ఎన్ని పిల్లలున్నాయో మీకు తెలిసేది ఇప్పుడే. ఎండాకాలమైతే ముఖం బయటపెట్టి నోరు తెరుచుకుని రొప్పుతున్నాయేమో చూడండి. అలా ఉంటే, రంధ్రానికి అడ్డురాకుండా, పెట్టెను తాకకుండా పైన ఒక తడి గోనెపట్టా నీడగా కట్టండి. చీమల బారు కనిపిస్తే పెట్టె వేలాడే తీగకు మాత్రం వాసెలిన్ రాయండి, పెట్టెకు పూయకండి, ఈకలకు అంటుతుంది.

సాధారణంగా పద్నాలుగు నుంచి పదహారు రోజుల మధ్య, ఎక్కువగా పొద్దున్నే, పెద్ద పిచ్చుక పురుగుతో వచ్చి పెట్టె మీద వాలకుండా ఎదురుగా మందార కొమ్మ మీద కూర్చుని పిలవడం మొదలుపెడుతుంది. ఆ రోజు అరగంటతో లేవకండి. ఫ్యానులు ఆపండి, పిల్లిని లోపల కట్టేయండి, వీధి తలుపు దగ్గర పిల్లల్ని ఆటకు వదలకండి. ముందుగా రంధ్రంలో ఉన్నది సగం ఒళ్ళు బయటపెడుతుంది, వెనక్కి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇది గంట కూడా పట్టవచ్చు. ఎగిరేటప్పుడు మాత్రం ఆలోచన ఉండదు. మొదటిసారి రెక్క విప్పిన పిల్ల తిన్నగా, కాస్త కిందికి జారుతూ, కొమ్మను గుద్దుకున్నట్టు వాలుతుంది. తోక ఇంకా పొట్టిగా ఉంటుంది. మిగిలినవి ఆ రోజే వస్తాయి, లేదా మర్నాడు.

నేల మీద దొరికిన పిల్ల గురించి నన్ను ఎక్కువగా అడుగుతారు. ఈకలు లేకపోతే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి ముట్టుకుంటే తల్లి రానివ్వదని మన పెద్దవాళ్ళు చెప్పే మాట నిజం కాదు, రానిస్తుంది. ఒంటి నిండా ఈకలుండి, పొట్టి తోకతో గెంతుతూ ఉంటే దాన్ని ఇంట్లోకి తేవద్దు. పిల్లికి అందని గుబురు కొమ్మ మీద పెట్టి వెనక్కి రండి. తల్లిదండ్రులు గొంతు విని వెతుక్కుంటూ వస్తాయి. పాలు, గంజి, నోట్లో నీటిచుక్కలు ఏవీ వద్దు. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

పెట్టె ఖాళీ అయ్యాక కుర్చీ తీయకండి. ఇంకో వారం పది రోజులు పిల్లలు కొమ్మల మీద రెక్కలు వణికిస్తూ నోరు తెరుస్తాయి, పెద్దవి తెచ్చి పెడతాయి. మీ గడుల్లో ఈసారి ఒక మార్పు చూడండి. తరచు ‘మ’ గీతలు పెరిగి ‘ఆ’ గీతలు తగ్గుతూ వస్తాయి. ఆడది ఎక్కడికి పోతోందో గమనించండి. ఒక పొద్దున అది ముక్కున కొత్త ఈకతో అదే రంధ్రం దగ్గర వాలుతుంది. ఆ తేదీ రాసి ఉంచండి, అయిదో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.