పేగన్ సాధనలో కొత్త పేరు ఎంచుకోవడం

ప్రకృతినీ పాత దేవతలనూ కొలిచే పేగన్ సంప్రదాయాల్లో చాలావాటిలో, మంత్రవిద్యతో ముడిపడిన ఆధునిక మతం విక్కాతో సహా, సాధకులు పుట్టుపేరు పక్కనపెట్టి వేరే పేరుతో పూజకు గీసుకునే వలయంలోకి అడుగుపెడతారు. దాన్నే క్రాఫ్ట్ నేమ్ అంటారు, క్రాఫ్ట్ అంటే ఇక్కడ మంత్రవిద్య. తప్పనిసరేం కాదు, పుట్టుపేరుతోనే సాధన సాగించేవాళ్లూ ఉన్నారు. పెట్టుకోవాలనుకుంటే మాత్రం ఆ పేరు ఎవరి చెవిన పడాలో ముందు తేల్చుకోండి.

పండుగ కూడికల్లో, ఆన్‌లైన్‌లో చెప్పుకునేది బయటి పేరు. కోవెన్ (కలిసి సాధన చేసే చిన్న బృందం) సభ్యులకూ దేవతలకూ మాత్రమే తెలిసేది లోపలి పేరు. రెండుచోట్లా ఒకటే వాడితే ఇక గుట్టంటూ ఉండదు. ఏదైనా కోవెన్‌లో చేరబోతుంటే ముందు అక్కడి పద్ధతి అడగండి. కొన్నిచోట్ల పేరు మీరే ఎంచుకోవాలి, కొన్నిచోట్ల దీక్ష ఇచ్చేవాళ్లే పెడతారు. మీరు ముందే ఒకటి పెట్టుకుని వెళ్తే దాన్ని వదులుకోవాల్సి రావచ్చు.

పేరు ఎక్కడి నుంచి తేవాలి? 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘంలో సభ్యులు పేరుకు బదులు ఒక ప్రతిజ్ఞావాక్యమే తీసుకునేవారు, ఎక్కువగా లాటిన్‌లో. అలీస్టర్ క్రౌలీ పెట్టుకున్న ‘పెర్డురాబో’కు ‘చివరిదాకా నిలుస్తాను’ అని అర్థం. మంత్రసాధకురాలు, రచయిత్రి వయొలెట్ ఫర్త్ తమ ఇంటి నినాదమైన ‘డెయో నాన్ ఫోర్చునా’నే తీసుకుంది, డయాన్ ఫార్చ్యూన్ అన్న కలంపేరు అందులోంచే వచ్చింది. విక్కాను జనంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ పేరు ‘స్కిరే’, అంటే తెలుసుకోవడం. ఈ పేర్లలో సింగారం తక్కువ, పని ఎక్కువ. మీరూ అలాగే మొదలుపెట్టండి. సాధన నుంచి ఏం కోరుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి, దానికి సరిపడే చెట్టో పక్షో రాయో గుణమో వెతకండి. నాలుగైదు పేర్లు చాలు. ఒక్కోదాని వెనకున్న కథలు, నమ్మకాలు చదవండి. ఉదాహరణకు రోవన్ చెట్టు బ్రిటన్ జానపద నమ్మకంలో చేతబడి నుంచి కాపాడేది. క్రాఫ్ట్ సాధకులు ఆ పేరు పెట్టుకోవడంలో కాస్త చమత్కారం ఉంది, అది తెలిసే పెట్టుకోవాలి.

జనం తరచూ ఇరుక్కునే చోట్లు కొన్ని ఉన్నాయి. రేవెన్, వుల్ఫ్, మూన్, సిల్వర్ లాంటివి మరీ వాడుకలో పడ్డాయి. కూడికలో ‘రేవెన్’ అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. దేవత పేరు ఉన్నదున్నట్టు పెట్టుకోవడం అహంకారమని చాలామంది అంటారు. ఆ మాట ఎలా ఉన్నా, అదే దేవతను ఆవాహన చేసే రోజున పిలుపు ఎవరికో తెలియని చిక్కొకటి ఉంది. అమెరికా ఆదివాసుల పేర్లను అనుకరించడం మానేయండి, అవి వాళ్ల సొత్తు. ‘లేడీ’, ‘లార్డ్’ అన్నవి చాలా కోవెన్‌లలో ప్రధాన పూజారిణికో పూజారికో చెందే గౌరవాలు. ఎవరికివారు తగిలించుకుంటే నవ్వులపాలవుతారు.

సంఖ్యాశాస్త్రం మీద నమ్మకం ఉంటే పేరు అంకె పుట్టిన తేదీ అంకెతో కలుస్తుందో లేదో ఇప్పుడు లెక్క చూడండి. లెక్క ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తోనే. ఏ నుంచి ఐ వరకు 1 నుంచి 9, జే నుంచి ఆర్ వరకు మళ్లీ 1 నుంచి 9, ఎస్ నుంచి జెడ్ వరకు 1 నుంచి 8. రోవన్‌లో ఆర్ 9, ఓ 6, డబ్ల్యూ 5, ఏ 1, ఎన్ 5. మొత్తం 26, కలిపితే 8. పుట్టిన తేదీ 14-3-1990 అయితే అంకెల మొత్తం 27, అంటే 9. పేరులో ఇంకో ఏ చేర్చితే అదీ 27 అవుతుంది, రెండూ కుదురుతాయి. అయితే అంకె కోసం నోరు తిరగని స్పెల్లింగ్ చేయకండి. పిలవలేని పేరుకు ఏ అంకె వచ్చినా ఒకటే.

అసలు పరీక్ష వాడకంలోనే. ఒక అమావాస్య నుంచి మరో అమావాస్య దాకా, అంటే దాదాపు ఇరవై తొమ్మిదిన్నర రోజులు, సాధన డైరీలో ఆ పేరుతో సంతకం చేయండి. తోటి సాధకులెవరైనా ఉంటే పైకి పిలిపించుకోండి. నెల చివర కూడా పిలుపు వేరెవరికో అన్నట్టుంటే జాబితాలో తర్వాతి పేరుకు వెళ్లండి.

పేరు కుదిరాక వలయం గీసి నాలుగు దిక్కులకూ పరిచయం చేసుకోవాలి. ఎక్కువమంది పాటించే వరస ఇది: తూర్పున గాలికి ధూపం, దక్షిణాన నిప్పుకు కొవ్వొత్తి, పడమర నీళ్ల గిన్నె, ఉత్తరాన భూమికి ఉప్పు. ప్రతి దిక్కునా ఆగి పేరును గట్టిగా పలకండి. చాలామంది గొంతు ఇక్కడే సన్నగిల్లుతుంది, అందుకే ముందే పలికి అలవాటు చేసుకోవాలి. లోపలి పేరైతే ఈ పని ఒంటరిగానో కోవెన్‌లోనో చేయండి, ఫొటోలు, వీడియోలు వద్దు.

క్రాఫ్ట్ నేమ్ దానంతట అది చట్టపరమైన పేరు కాదు, సంతకాలకూ దరఖాస్తులకూ పుట్టుపేరే వాడాలి. మీ సాధన ఇంట్లోనో ఆఫీసులోనో తెలియకూడదనుకుంటే బయటి పేరుకు వేరే ఈమెయిల్ తెరవండి, అసలు పేరున్న ఖాతాతో కలపకండి. ఏళ్లు గడిచి పేరు ఇరుకైతే మార్చుకోవచ్చు. మళ్లీ దిక్కుల ముందుకెళ్లి పాతదాన్ని వదిలేస్తున్నట్టు చెప్పండి, కోవెన్‌కు తెలియజేయండి. అయితే మూడు నెలలకో పేరు మారుస్తుంటే ఏ పేరుతో పిలవాలో ఎవరికీ గుర్తుండదు.