డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు పక్క తలుపులు తెరిచి ఉంచండి

మన చర్చి మందిరాల్లో చాలావాటికి పక్క తలుపులు ఏడాదంతా తాళం వేసే ఉంటాయి. దొంగల భయం నిజమే. కానీ డిసెంబరు 31 రాత్రి మామూలు కంటే ఎంతో ఎక్కువ మంది వస్తారు. నడవలో కూడా ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు, చేతుల్లో కొవ్వొత్తులు, ముఖద్వారం ముందు చెప్పుల గుట్ట. ఒక్క తెర అంటుకుంటే అందరూ తాము లోపలికి వచ్చిన తలుపు వైపే పరుగెత్తుతారు. ఆ తలుపు లోపలికి తెరుచుకునేదైతే మరీ ప్రమాదం. వెనుక నుంచి జనం నెడుతుంటే దాన్ని లాగి తెరవడం ఎవరి తరమూ కాదు.

అందుకే పాట మొదలవకముందే అన్ని తలుపులూ బార్లా తెరిపించి, ఒక్కో తలుపు దగ్గర ఒక యవనస్థుణ్ణి టార్చిలైటుతో నిలబెట్టండి. కరెంటు పోయినా దారి చూపించేది అతడే. చెప్పులు ద్వారానికి ఎదురుగా కాకుండా గోడ పక్కన పెట్టించండి. నడవలో ఒక్క కుర్చీ కూడా వద్దు, పెద్దలు నొచ్చుకున్నా సరే.

తలుపు దగ్గరి మనిషి కొత్తవారిని ప్రేమగా పలకరించాలి, వారి సంచినీ గమనించాలి. 2019 ఏప్రిల్ 21న, ఈస్టర్ రోజున, శ్రీలంకలోని బట్టికలోవాలో జియోన్ చర్చికి బాంబుతో వచ్చిన వ్యక్తిని ఒక సంఘ సభ్యుడు ఆవరణలోనే ఆపారు. ఆయన ప్రాణం పోయింది, లోపల ఉన్న ఎందరో బతికారు.

మంటలు ఆర్పే సిలిండరు ఉంటే పిన్ను లాగి, మంట మొదలుపై కొట్టడం ఇద్దరు ముగ్గురికైనా ముందే నేర్పండి. అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108.