గాజు గదిలో అద్దాలు చెమరుస్తుంటే...

పొద్దున్నే గాజు గదిలోకి వెళ్లేసరికి అద్దాలు మసకబారి ఉంటే, గుడ్డ అందుకోకముందే వేలితో ఒక గీత గీసి చూడండి. వేలికి తడి అంటితే ఆ నీరు గదిలోని గాలి నుంచి వచ్చినదే. అంటకపోతే అది బయటి వైపునో, జంట అద్దమైతే దాని రెండు పలకల మధ్యనో ఉంది. ఈ సంగతి తేల్చుకోకుండా ఖర్చు పెట్టవద్దు.

సమస్య: లోపలి వైపు నీటి ధారలు, ఫ్రేము అడుగున మడుగు

కారణం: 20 డిగ్రీల వేడిలో ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాములకు కాస్త పైన, అంతే. మిగిలినదంతా చల్లటి అద్దం మీద నీరై దిగుతుంది. ఇంత ఆవిరి ఎక్కడిదంటారా? కుండీలకు పోసిన నీటిలో చాలా భాగం ఆకుల గుండా గాలిలోకే వెళుతుంది. ఆరేసిన తడి బట్టలు, తెరిచి ఉంచిన వంటగది తలుపు దానికి తోడు. కిరోసిన్ హీటరయితే మరీ ఘోరం: లీటరు కిరోసిన్ కాలితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా గదిలో చేరుతుంది. పొగగొట్టం లేని అలాంటి హీటరును మూసిన గదిలో వెలిగిస్తే విషవాయువుతో ప్రాణానికే ముప్పు. దాన్ని ముందు తీసేయండి.

పరిష్కారం: కింద ఒక కిటికీ, కప్పు దగ్గర ఒక కిటికీ తెరవండి. వెచ్చటి తేమగాలి పైనుంచి పోతుంది, కిందినుంచి కొత్త గాలి వస్తుంది. ఎత్తులో తేడా ఉంటే చిన్న సందులు చాలు. చలిగాలి తేమను తెస్తుందని చాలామంది కిటికీలు బిగించేస్తారు. నిజానికి చల్లటి గాలిలో ఆవిరి తక్కువ, లోపలికి వచ్చి వేడెక్కాక అది తేమను పీల్చుకుంటుంది. బయట ఉక్కగా, వానగా ఉన్న రోజులు మాత్రం వేరు. అప్పుడు కిటికీలు మూసి, తేమను తీసే యంత్రం పెట్టుకోవాలి. తేమ మీటరు ఒకటి కొనుక్కోండి, 60 శాతం దాటకుండా చూసుకోండి. మొక్కలకు నీళ్లు ఉదయమే పోయండి, సాయంత్రానికి గది ఆరుతుంది.

సమస్య: ఒక్క మూలలోనే నల్లటి బూజు

అక్కడ గాలి ఆడటం లేదు. సోఫాను, కుండీలను అద్దానికి జానెడు దూరం జరపండి.

సమస్య: పలకల మధ్య మసక

అంచుల సీలు పోయింది. ఎంత గాలి ఆడించినా లాభం లేదు. ఆ జంట పలకను మారిస్తే సరిపోతుంది, ఫ్రేము బాగుంటే దాన్ని కదపనక్కర్లేదు.

సమస్య: బయటి వైపు మంచు

ఇది లోపం కాదు. లోపలి వేడిని అద్దం బయటికి పోనివ్వడం లేదు, అందుకే బయటి పలక చల్లబడింది. ఎండ పడగానే ఆరిపోతుంది.

సమస్య: కప్పు అతుకుల నుంచి చుక్కలు

వాన పడిన రోజునే కారితే లీకు, అతుకులు సరిచేయించండి. వాన లేని చలి రాత్రుల్లోనూ కారితే అది ఆవిరి పనే, పైన చెప్పిన పరిష్కారమే దీనికీ. వారం రోజులు తేదీతో రాసి పెట్టుకుంటే ఏదో తేలిపోతుంది.