ఎంజైము బాగానే ఉంది, బ్యాండే కనబడలేదు: నా అనుభవం

శ్రీకాకుళంలో మా ల్యాబుకి ఇలాంటి ఎంజైములు విశాఖ మీదుగా వస్తాయి. అందుకే మనిషి యూబీఈ2డీ2 (యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను మోసే ఎంజైము) రీకాంబినెంట్ ప్రొటీన్, అంటే ల్యాబులో జన్యువు నుంచి తయారుచేయించినది, జెల్ మీద రావాల్సిన బ్యాండు (ప్రొటీన్ గీత) రాక పనిచేయనట్టు కనిపించగానే అందరూ దారిలోని ఎండనే అనుమానించారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎంజైము ఉన్న వయల్ (చిన్న సీసా) అందినప్పుడు గడ్డకట్టే ఉంది మరి.

ఈ ఎంజైము యుబిక్విటిన్‌ను తన 85వ స్థానంలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మీద, థయోఎస్టర్ అనే రసాయన బంధంతో మోస్తుంది. బీటా-మెర్కాప్టోఇథనాల్ గానీ డీటీటీ గానీ, ఈ రసాయనాల్లో ఏది తగిలినా ఆ బంధం తెగిపోతుంది. ల్యాబులో అందరం వాడే శాంపిల్ బఫర్‌లో (జెల్‌కి ఎక్కించే ముందు ప్రొటీన్‌లో కలిపే ద్రావణం) ఉన్నది అలాంటి రసాయనమే! ఎంజైము పనిచేసినా, ఆ ఆనవాలు జెల్ ఎక్కకముందే చెరిగిపోతోందన్నమాట.

ఈ1 (యుబిక్విటిన్‌ను ఈ ఎంజైముకు అందించే మరో ఎంజైము), శక్తినిచ్చే ఏటీపీ, మెగ్నీషియం, యుబిక్విటిన్ కలిపి 37 డిగ్రీల దగ్గర రియాక్షన్ పెట్టి, రెండు భాగాలు చేశాను. ఒకదానికి డీటీటీ లేని బఫర్, రెండోదానికి ఉన్నది. మరిగించలేదు. జెల్ మీద మొదటి లేన్‌లో (వరుసలో), ఎంజైము ఒక్కటే ఉండే 17 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) బ్యాండుకు పైన, యుబిక్విటిన్‌ను మోస్తున్న ఎంజైముది, 25 దరిదాపుల్లో కొత్త బ్యాండు వచ్చింది. రెండో లేన్‌లో అది లేదు. దయచేసి ఆ రెండో లేన్ మానేయకండి. డీటీటీకి లొంగని బ్యాండైతే యుబిక్విటిన్ సిస్టీన్‌కు కాక లైసీన్ అనే మరో అమైనో ఆమ్లానికి అతుక్కుని ఉండొచ్చు, అది వేరే సంగతి.

మిగిలిన ఎంజైమును చిన్న చిన్న ఆలికోట్లు (వాటాలు) చేసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాను. తుఫాను రోజుల్లో మాకు కరెంటు పోతుంటుంది. పదేపదే కరిగి గడ్డకడితే మాత్రం ఎంజైము నిజంగానే నీరసిస్తుంది.