అంబాసిడర్‌లో ఎగ్జాస్ట్ ప్యాకింగ్ ఎలా మార్చాలి?

పొద్దున్నే బండి స్టార్ట్ చేయగానే బానెట్ కింద టిక్కు టిక్కుమని చప్పుడొచ్చి, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతోందా? చాలామంది ట్యాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) అనుకుని వాటిని కెలుకుతారు. ముందు ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ చూడండి, అంటే ఇంజిన్ పొగను సైలెన్సర్ పైపుకి చేర్చే గొట్టాల భాగం. అది సిలిండర్ హెడ్‌కి ఆనుకునే చోట నల్లటి మసి చార కనబడితే, రెంటి మధ్య పొగ బయటికి రాకుండా ఆపే ప్యాకింగ్ (గాస్కెట్) పోయినట్టే. వాయిదా వేయకండి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కారు లోపలికి వచ్చినా తెలియదు.

విజయవాడలో సామాను కోసం ఆటోనగర్ ఉండనే ఉంది. కానీ "అంబాసిడర్ ప్యాకింగ్" అంటే చాలదు. తర్వాత వచ్చిన బళ్లలో ఇసుజు 1800 ఇంజిన్ ఉంది, దాని ప్యాకింగ్ వేరు. ఇక్కడ చెప్పేది పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ గురించి. పనిలో పనిగా కొత్త స్టడ్లు (హెడ్‌లోకి బిగించి, పైన నట్టు ఎక్కించే మర కడ్డీలు), ఇత్తడి నట్లు కూడా తీసుకోండి.

ముందురోజు రాత్రే, ఇంజిన్ చల్లారాక, నట్లకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయండి. మర్నాడు బ్యాటరీ నెగటివ్ తీసి, ఎయిర్ క్లీనర్, కార్బురేటర్ విప్పండి. పెట్రోల్ పైపు మూతి మూసెయ్యండి. కింద సైలెన్సర్ పైపు విడదీశాక మేనిఫోల్డ్ నట్ల జోలికి వెళ్లండి.

అసలు పరీక్ష ఇక్కడే. ఏళ్ల తరబడి వేడికి కాలిన స్టడ్ మొండిది. బలవంతం చేస్తే పుటుక్కున విరుగుతుంది, ఆ ముక్క తీయించడానికి లేత్ షాపు చుట్టూ తిరగాలి. పావు తిప్పు విప్పండి, కాస్త వెనక్కి బిగించండి, మళ్లీ విప్పండి. నట్టుతో పాటు స్టడ్ కూడా ఊడొస్తే కంగారేం లేదు, కొత్తది వేస్తాం.

పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పొడిగా గీకొద్దు, ఎయిర్ కొట్టొద్దు. మాస్కు పెట్టుకుని, హెడ్‌లోని పోర్టుల్లో (గాలి, పొగ వెళ్లే రంధ్రాల్లో) గుడ్డలు కుక్కి, తడిపి గీకండి. తర్వాత మేనిఫోల్డ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలబెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. కింద సందు కనిపిస్తే లేత్‌లో ఫేసింగ్ (ముఖాన్ని చదును చేయడం) చేయించాల్సిందే. వంకర ముఖానికి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నెల తిరక్కుండా మళ్లీ అదే చప్పుడు. ఈ ఇంజిన్‌లో ఇన్‌లెట్ (గాలి, పెట్రోల్ లోపలికి తీసుకెళ్లేది), ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లు రెండూ ఒకే పక్కన ఉంటాయి. మధ్యలో ఒకే వాషర్ రెండింటినీ పట్టుకుంటుంది. అందుకని రెండు అంచుల మందమూ సమానంగా ఉండాలి. లేత్ మనిషికి ఈ మాట మీరే చెప్పండి.

గుడ్డలు తీసేశారో లేదో చూసుకుని ప్యాకింగ్ పొడిగానే పెట్టండి. మామూలు సిలికాన్ పేస్టు ఆ వేడికి కాలిపోతుంది. నట్లన్నీ ముందు చేత్తో ఎక్కించి, నడుమ నుంచి చివర్లకు రెండు మూడు విడతలుగా బిగించండి. పొడుగు స్పానర్ వద్దు, ఇత్తడి మరలు అరిగిపోతాయి.

అన్నీ బిగించాక, పెట్రోల్ ఎక్కడా కారడం లేదని చూసుకుని ఆరుబయటే స్టార్ట్ చేయండి. బాగా వేడెక్కనిచ్చి ఆపేయండి. పూర్తిగా చల్లారాక ప్రతి నట్టూ మరోసారి బిగించండి, కొత్త ప్యాకింగ్ నొక్కుకుని కొద్దిగా వదులవుతుంది.