బోనమెత్తే ముందు తుంటి సంగతి చూసుకోండి

ఆషాఢం వస్తోందంటే మా లంగర్‌హౌస్‌ ఆడవాళ్లకు కొత్త కుండ, పసుపు, వేపమండల ధ్యాసే తప్ప ఒంటి ధ్యాస ఉండదు. రెండేళ్ల కింద నేనూ అంతే. నెలల తరబడి లిఫ్టు తప్ప మెట్టెరగని కాళ్లతో బోనమెత్తుకుని గోల్కొండ కోట మీది జగదాంబిక గుడికి ఎక్కాను. 300కు పైగా మెట్లు. ఆ రాత్రి కుడివైపు ఒత్తిగిలితే తుంటి పక్కన బొటనవేలితో పొడిచినట్టు నొప్పి. తెల్లారి ఒంటికాలి మీద నిలబడి సల్వార్ వేసుకోలేకపోయాను.

సయాటికా, అంటే నడుం నుంచి కాలిలోకి పాకే నరం నొప్పి అని ఇంట్లో తలా ఒక మాట అన్నారు. కాదు. పిరుదు కండల్ని తుంటి పక్కన చేతికి తగిలే ఎముక బుడిపెకు పట్టి ఉంచే టెండన్ల నొప్పి ఇది. నలభై దాటిన ఆడవాళ్లకే ఎక్కువ. కాలు పక్కకు వాలి రెండో కాలి వైపు దాటిందంటే టెండన్ ఆ ఎముకకు ఒత్తుకుంటుంది. అందుకే కాలు మీద కాలు వేసుకోవడం, ఒక కాలి మీద బరువేసి నడుం వంకరగా నిలబడటం, గుళ్లో కాళ్లు రెండూ ఒక పక్కకు మడిచి కూర్చోవడం మానాలి. ఫోన్లో వీడియో చూసి కాలు ఛాతీకి అడ్డంగా లాగే స్ట్రెచింగ్ వారం రోజులు చేశాను. ఉన్న నొప్పి రెండింతలైంది.

పడుకునేటప్పుడు నొప్పిలేని వైపు తిరిగి, మోకాళ్ల నుంచి మడమల దాకా మధ్యలో దిండు పెట్టుకోండి. ఒక్క మోకాళ్ల మధ్యే పెడితే పాదం కిందికి జారుతుంది. నాకు పాత బొంత చుట్ట బాగా పనికొచ్చింది.

మంచానికే అతుక్కుపోయినా లాభం లేదు, కండ ఇంకా బలహీనపడుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, గోడ పట్టుకుని చిన్న గుంజీలు పండగకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా ఫరవాలేదు, ఆ రాత్రి పెరిగితే మాత్రం మర్నాడు తగ్గించండి. ఇంజెక్షన్‌కు తొందరపడకండి. 2018లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ఎనిమిది వారాలకు, జాగ్రత్తలు నేర్చుకుని వ్యాయామం చేసినవాళ్లలో 77 శాతం మంది బాగా తగ్గిందన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 58 శాతం.

ఇంట్లో రోజుకు రెండంతస్తులతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. కోట దగ్గర ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. నొప్పి ఇంకా ఉంటే బోనం కోడలి నెత్తికెత్తండి, అమ్మవారేమీ అనుకోదు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం ఎక్కకండి, కాలు చెప్పేది వినపడదు.

కింద పడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరం తోడైనా, నొప్పి గజ్జల్లో ఉన్నా, కాలు తిమ్మిరెక్కి పాదం బలహీనపడినా ఇవేవీ చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. నేను పోయినేడాది మూడుచోట్ల ఆగి ఎక్కాను. మా అత్తయ్య వెనకాలే చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చింది.