పుస్తకం సూచించడం, 4వ పాఠం: రాసినాయన ఆ రోజు ఎక్కడున్నాడు?

పోయిన పాఠంలో తొందరపడ్డాను. 1962 భారత్-చైనా యుద్ధం గురించి ఎవరైనా అడిగితే బ్రిగేడియర్ జాన్ దళ్వీ ‘హిమాలయన్ బ్లండర్’ ఇవ్వమని ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. ఒకావిడ సీడీఎస్‌కు (సైన్యంలో అధికారుల ఎంపిక పరీక్ష) చదువుతున్న మేనల్లుడికి ఇచ్చారట. వారంలో చదివేసి, “అత్తా, యుద్ధం పోయింది ఒక్క జనరల్ కౌల్ వల్లే” అన్నాడట. ఆమెకు ఏం బదులు చెప్పాలో తోచలేదు. అలాంటి ఉత్తరాలు ఇంకొన్ని వచ్చాయి. అందుకే ఈసారి చెబుదామనుకున్న నాయకత్వం పుస్తకాలను చివరికి నెట్టాను.

అడిగిన మనిషి వయసు, ఓపిక, ఇంగ్లిషు చూసుకుని పుస్తకం ఎంచడం మీకు తెలిసిందే. దాని జోలికి పోను. జ్ఞాపకాలను చరిత్ర పేరుతో చేతిలో పెట్టడమే అసలు చిక్కు. అలా చేస్తే రాసినవాడికీ చదివేవాడికీ ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. నాకు ఇది నిజంగా బాధ.

దళ్వీ ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్ సరిహద్దులో నామ్కా చూ వాగు ఒడ్డున 7వ బ్రిగేడ్‌ను నడిపాడు. అక్టోబరు 20న చైనా దాడి మొదలైంది. 22న ఆయన పట్టుబడ్డాడు, ఏడు నెలలు యుద్ధఖైదీగా ఉన్నాడు. అంత ఎత్తున, ఆ చలిలో, వేసవి బట్టలతో నిలబడ్డ జవాన్ల గురించి ఆయన రాసింది కళ్లారా చూసింది. అందుకే ఆ పేజీలు అంత మండుతాయి. కానీ ఆ వైపే ఇంకా లోపలున్న సేలా, బొమ్డిలా చేజారింది నవంబరులో. లడఖ్‌లో రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ పోరాడింది నవంబరు 18న. అప్పటికి దళ్వీ ఖైదులో ఉన్నాడు. యుద్ధమంతా అడిగిన పిల్లవాడికి మనం ఇచ్చింది ఒక వాగు, ఒక బ్రిగేడ్, కొన్ని వారాలు.

కౌల్ సంగతీ అంతే. దళ్వీ బ్రిగేడ్‌కు పైనున్న నాలుగో కోర్ కమాండర్ ఆయన. జబ్బుపడి ఢిల్లీ చేరాడు కాబట్టి 20వ తేదీ తెల్లవారుజామున వాగు దగ్గర లేడు. ఆయన ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’ 1967లో వచ్చింది, దళ్వీది 1969లో. కౌల్ తన మీద పడ్డ నిందకు జవాబు చెప్పుకున్నాడు. దళ్వీ తన జవాన్ల తరఫున మాట్లాడాడు. 1970లో వచ్చిన నెవిల్ మాక్స్‌వెల్ పుస్తకం ఢిల్లీలో పనిచేసిన విదేశీ విలేకరిది. సైన్యం రహస్య విచారణ నివేదిక ఆయన చేతికి అందింది. చైనా వాదం వైపు మొగ్గాడన్న విమర్శా ఉంది. మూడూ మంచి పుస్తకాలే, మూడు వేర్వేరు చోట్ల నుంచి చూసినవి.

కనుక మేనల్లుడితో ఇలా అనాలి: “ఇది ఆ వాగు దగ్గర ఉన్న బ్రిగేడియర్ రాసింది నాన్నా. 22వ తేదీ దాకా ఆయన చూసింది నమ్ము. ఢిల్లీలో ఏం జరిగిందో చెప్పేచోట మాత్రం ఆగి, ఇంకో పుస్తకం తెరువు.”

నాయకత్వం అడిగినవాళ్లకు నేనైతే రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు బ్రిటిష్ సేనాని విలియం స్లిమ్ ‘డిఫీట్ ఇన్‌టు విక్టరీ’ (1956) తప్ప ఇంకేదీ ముందు ఇవ్వను. సేనాని పుస్తకం ఏదైనా సరే, నేను ముందు ఆయన పొరబడిన చోటు వెతికి చదువుతాను. అది లేకపోతే పక్కన పెట్టేస్తాను. 1944లో నాగా కొండల్లోని కొహిమా మీదికి జపాన్ ఒక రెజిమెంటును మించి పంపలేదనుకున్నాడు స్లిమ్. వచ్చింది దానికి ఎన్నో రెట్లు పెద్దదైన పూర్తి డివిజన్. ఆ లెక్క తప్పింది తనకేనని ఆయనే రాశాడు. మామూలు సిపాయి అనుభవం కావాలంటే అమెరికా మెరైన్ యూజీన్ స్లెడ్జ్ ‘విత్ ది ఓల్డ్ బ్రీడ్’ ఇవ్వండి. పసిఫిక్ దీవులైన పెలెలియు, ఒకినావా పోరాటాల్లో జేబులోని బైబిలులో దాచుకున్న చీటీల నుంచి పుట్టిన పుస్తకమది.

అభ్యాసం: 1962 అక్టోబరు 10న నామ్కా చూకి అవతల సెంగ్ జోంగ్ దగ్గర జరిగిన పోరు గురించి కౌల్, దళ్వీ ఇద్దరి పేజీలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఎవరు ఏది చూశారు, ఎవరు ఏది విన్నారు అన్నది రెండు వరసల్లో రాయండి. కనీసం పది అంశాలు ఉండాలి. ఆ తర్వాత మీ ఇంట్లో ఒకరిని తలుచుకుని, వాళ్లకు రెండింటిలో ఏది ఇస్తారో నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. రెండూ ఇస్తానంటే ఒప్పుకోను.